నలభై ఒక్క వెండికాగితాలు

1983 నవంబరులో నేను పన్నెండు రోజుల్లో నలభై ఒక్క సిగరెట్ పెట్టెలు పోగుచేశాను. నా డైరీలో ఉంది. మా ఆయన చర్చిలో పాటలు పాడించేవారు, చుట్ట కూడా ముట్టేవారు కాదు. చీరాల స్టేషను దగ్గర బడ్డీకొట్టతను ఖాళీ పెట్టెలు నా సంచిలో వేస్తూ రోజూ అడిగేవాడు:

"ఏమండీ టీచరమ్మగారూ, అయ్యగారు మొదలెట్టారా, మీరేనా?"

ఆ పెట్టెలు విమానం కోసం. జిల్లా సైన్సు ప్రదర్శనకు మా బడి నుంచి ఏటా ఒక్క వస్తువే వెళ్ళేది. వరసగా తొమ్మిదేళ్ళు నేను చేసిందే వెళ్ళింది. ఆ ఏడు జూన్‌లో చేతిపనుల టీచరుగా కొత్తగా ఒకమ్మాయి చేరింది. ఇరవై నాలుగేళ్ళు, నేతపని వాళ్ళ పిల్ల. హెడ్‌మిస్ట్రెస్ గారు మా ఇద్దరికీ ఒకే బొమ్మ అప్పగించారు: రెండు పంకాల పాతకాలపు ప్రయాణికుల విమానం.

"చెరొకటి చెయ్యండి. నెలాఖరు సోమవారం మధ్యాహ్నం చూసి ఒకటి పంపిస్తాను," అన్నారు.

తొమ్మిదేళ్ళ తర్వాత నాకు పోటీ పెట్టారన్నమాట.

అసలు విమానం పొడవు అరవై నాలుగున్నర అడుగులు. డెబ్బై రెండో వంతుకు చేస్తే పదిముప్పావు అంగుళాలు. ఆ లెక్క వేసింది నేను. ఆ అమ్మాయి నా కాగితం చూసి రాసుకుంది. చెక్క చెక్కడం ఇద్దరికీ బాగానే కుదిరింది. చిక్కంతా లోహపు మెరుపు దగ్గర వచ్చింది. గాలితో రంగు చిమ్మే మిషను మా ఊళ్ళో లారీ షెడ్డులోనే ఉండేది. బొమ్మకు కొట్టం పొమ్మన్నారు వాళ్ళు. వెండిరంగు తెచ్చి కుంచెతో వేశాను. చారలు తేలి, పెళ్ళినాటి ట్రంకుపెట్టెలా తయారైంది.

మర్నాడు స్టాఫ్‌రూములో ఆ అమ్మాయి సిగరెట్ పెట్టెలోని వెండికాగితాన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, వెనక అంటుకున్న తెల్లకాగితాన్ని ఒలుస్తూ కనిపించింది.

"ఏంటమ్మా అది?" అన్నాను, పెద్దగా పట్టనట్టు.

"రంగుకన్నా ఇదే నయమనిపించిందండీ. ముందు చెక్కకి సుద్దా గంజీ కలిపి ఏడు పూతలెయ్యాలి. నున్నగా రుద్దుకోవాలి, లేకపోతే ప్రతి గరుకూ పైకి తేలుద్ది. ఆనక తుమ్మజిగురు పల్చగా రాసి, ముక్కలు ముక్కలుగా అంటించి, గవ్వతో రుద్దటమే."

"అంతేనా?"

"అంతేనండీ. మీకూ ఓ గవ్వ తెచ్చివ్వనా?"

గవ్వ మా ఇంట్లోనూ ఉందన్నాను. అడగ్గానే అంతా చెప్పేసింది కాబట్టి అసలుది దాచిందనుకున్నాను. దాచకపోతే ఎవరైనా అంత సులువుగా చెబుతారా?

రంగు గీకేసి ఏడు పూతలూ వేశాను. నలభై ఒక్క కాగితాలూ ఒలిచి అంటించాను. శనివారం రెండు విమానాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. నాది మెరిసింది, కాని మొత్తం ఒకే ముద్దలా, మిఠాయి చుట్టిన పొట్లంలా. ఆమెది రేకు రేకుగా విడివిడిగా కనిపించింది. ఒక పలక తెల్లగా, పక్కది నల్లగా. చేత్తో ఇటు తిప్పితే తెల్లది నల్లబడింది, నల్లది తెల్లబడింది.

అడగకుండా ఉండలేకపోయాను.

"ఒక ముక్క పొడుగ్గా రుద్దానండీ, పక్కది అడ్డంగా. పడుగూ పేకా లాగ," అంది. "మీరు గుండ్రంగా రుద్దినట్టున్నారు, గిన్నెలు తోమినట్టు."

స్టాఫ్‌రూమంతా నవ్వింది. మగ్గం పక్కన పుట్టినందుకు ఊరికే దొరికిన విద్య అది. నేను నాలుగు వందల పెట్టెలు పోగేసినా నాకు రాదు. నాకు తెలిసింది గుండ్రంగా తోమడమే. అయితే మా పేటలో నా ఇత్తడి బిందెల్లాంటి మెరుపు మరొకరి బిందెలకు లేదు. ఆ సంగతి గుర్తొచ్చింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, చింతపండు పిసికి, చిటికెడు ఉప్పు వేసి విమానాన్ని తోమాను. పైపైన తడిగుడ్డతో తుడిచాను.

"దాన్ని కూడా పులుసు పెట్టేస్తున్నావా?" అన్నారు మా ఆయన.

నిజంగానే తళతళలాడింది. సోమవారం పొద్దున స్టాఫ్‌రూము బీరువాలో పెట్టేటప్పుడూ మెరుస్తూనే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు బీరువా తెరిచాను. రెక్కల నిండా బూజులాంటి తెల్లటి పొడి. సూదిమొనంత బెజ్జాలు. తోక దగ్గర కాగితం లేచిపోయింది.

"ఇంటర్వెల్లో ఈ గదిలో ఎవరున్నారు?" అన్నాను, అందరికీ వినబడేలా.

ఎవరున్నారో నాకు తెలుసు. అందరూ అటే చూశారు.

"నేనేనండీ," అంది ఆ అమ్మాయి. దగ్గరికి వచ్చి, నా విమానాన్ని రెండు చేతులా ఎత్తి, రెక్క కింద పరీక్షగా చూసింది. రెక్క ఒంటితో కలిసే మూలలో చింతపండు పీచు ఒకటి ఎండి అంటుకుని ఉంది. నేనూ అప్పుడే చూశాను. పులుపూ ఉప్పూ కలిసి ఆ పల్చటి రేకును తినేశాయి. ఆమె దాన్ని గోటితో లాగి, పిడికిలి మూసింది.

"ఏమైందమ్మా దీనికి?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

"చెమ్మండీ. పల్చటి కాగితం కదా. నాదీ ఒకసారి ఇట్టాగే పాడైతే ఊడబెరికి మళ్ళీ అంటించా."

అబద్ధం. ఆమెది ఒక్కసారి కూడా పాడవలేదు. రోజూ కళ్ళు పొడుచుకుని చూసినదాన్ని, నాకు తెలియదా?

"అయితే నీదే పంపిద్దాం. మీరేమంటారండీ?" అన్నారు నావైపు తిరిగి.

"పంపండి," అన్నాను. అంతకుముందు అందరిలో అడిగిన ప్రశ్నను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బడి వదిలాక స్టాఫ్‌రూము చెత్తబుట్ట వంచి వెతికాను. పెన్సిలు పొట్టు, సుద్దముక్కలు, రెండు బస్సు టిక్కెట్లు. పీచు లేదు. అక్కడ పడేస్తే ఎవరైనా చూస్తారని చేతిలోనే పట్టుకెళ్ళింది. అదే పీచు ఆమె విమానానికి అంటుకుని నా కంట పడి ఉంటే, స్టాఫ్‌రూములో అందరికీ చూపించేదాన్ని.

ఆ రోజు పేజీలో రెండు ముక్కలే ఉన్నాయి. "ఆమెది వెళ్ళింది. నాది చెమ్మకు పాడైంది." నలభై ఏళ్ళ డైరీల్లో తెలిసి రాసిన తప్పు అదొక్కటే. దాని పక్కన సరైనది రాయాలని చాలాసార్లు పెన్ను తీశాను.