ముత్తాత బొంబాయి పాట కోసం జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

నాకు ఓపిక తక్కువని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఈ ప్రయాణంలో ఆ మాట ఎంత నిజమో నాకే తెలిసొచ్చింది. మొన్న జగిత్యాలలో బ్యాండు మేళం దుకాణం నడిపే శంకరన్న ఫోన్ చేశాడు. "మీ ముత్తాత దగ్గర బూర నేర్సుకున్నోళ్లల్ల రాజలింగం ఒక్కడే మిగిలిండు. ఆయన ముంగటి పన్ను ఊగుతున్నదట, పీకిచ్చుకుంటడట. వినాల్నంటే జల్ది రా" అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఒక బడిలో బ్యాండు టీచర్‌ని, వాయించేది ఆ బూరే, ట్రంపెట్. మాకు పెదవి ఆనేది ముందు పళ్ల మీదే. డెబ్బై ఏళ్ల వయసులో ఆ పన్ను పోతే కట్టుడు పన్నుతో మళ్లీ మొదటినుంచి సాధన చేయడం అయ్యే పని కాదు. ఇంకేం ఆలోచిస్తాను? బడికి సెలవు చెప్పేసి, మర్నాడు తెల్లవారుతుండగానే ట్రంపెట్ పెట్టెతో జూబ్లీ బస్టాండులో ఉన్నాను.

మా ముత్తాత పేరు నర్సయ్య. కోరుట్లలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, ఆ రోజుల్లో చాలామంది నేతవాళ్లలాగే పని కోసం బొంబాయి మిల్లులకు పోయాడు. అక్కడ పక్క గదిలో ఒక గోవా బ్యాండు మాస్టర్ ఉండేవాడట. ఆయన దగ్గర ట్రంపెట్ నేర్చుకుని, పగలు మిల్లులో పనిచేస్తూ, సాయంత్రాలు పెద్ద హోటళ్లలో వాయిస్తూ గడిపాడు. అవి స్వింగ్ రోజులు. అంటే వింటున్నవాళ్ల కాలు కుదురుగా ఉండనివ్వని జాజ్ అన్నమాట. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సెలవు మీద వచ్చిన సిపాయిలు ఆయన ముందు డాన్సు చేశారు. తర్వాత ఆ సంగీతానికి కాలం చెల్లింది, హోటల్ బ్యాండ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్నాళ్లు సినిమా పాటలకు వాయించి, చివరికి కోరుట్ల తిరిగొచ్చి పెళ్లిళ్ల బ్యాండు పెట్టాడు. ఆయనకు సొంత పాట ఒకటి ఉండేదని, ఇంట్లో అందరూ దాన్ని 'బొంబాయి పాట' అనేవారని అమ్మ చెబుతుంది. రికార్డు లేదు. మాకు మిగిలింది నల్లకోటు వేసుకున్న ఒక ఫోటో మాత్రమే. ఫోటో ఊదుతుందా?

పది దాటాక జగిత్యాలలో దిగాను. శంకరన్న చాయ్ చెప్పి "కూసో" అన్నాడు. కూర్చోలేకపోయాను. చాయ్ నిలబడే తాగి, రాజలింగం తాత కోరుట్ల అడ్రసు తీసుకుని బస్టాండుకు నడిచాను. జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, ముప్పావు గంట ప్రయాణం. ఆడవాళ్లయితే ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, జీరో టికెట్టే, డబ్బులివ్వక్కర్లేదు. కండక్టరు నా పెట్టె చూసి "గా డబ్బల ఏముందక్కా?" అన్నాడు. బూర అన్నాను. "పెండ్లికా, సావుకా?" అని మామూలుగా అడిగాడు. రెండిటికీ కాదంటే మరి ఎందుకన్నట్టు చూశాడు.

కోరుట్లలో ఆ ఇంటికి తాళం. నమ్మకం కుదరక దాన్ని పట్టుకుని లాగి చూశాను. ఎదురింటి అరుగు మీద బీడీలు చుడుతున్న అవ్వ తల ఎత్తకుండానే చెప్పింది.

"బిడ్డ ఇంటికి పోయిండు, సిరిసిల్లకు. ఇయ్యాల పొద్దుగూకంగ పన్ను పీకిపిస్తరట. నిన్నటిదాంక ఈడనే ఉండె."

నా మొహం చూసి జాలిపడిందేమో, చేతిలో సర్వపిండి ముక్క పెట్టి "తినుకుంట పో" అంది. ఆ రోజు నా మధ్యాహ్నం భోజనం అదే. కోరుట్ల నుంచి సిరిసిల్లకు కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ వరకు బస్సు ఉంది, కానీ మధ్యాహ్నం పూట చాలాసేపు చూడాలి. ఎక్కాక ప్రతి ఊరి దగ్గరా ఆగుతుంది. ఆగినప్పుడల్లా నేను లేచి ముందుకు చూడడం, కూర్చోవడం. డ్రైవరు అద్దంలో గమనిస్తున్నట్టున్నాడు.

"నువ్వు లేసి నిలబడితే బస్సు ఉరుకుతదా అక్కా?" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను, తర్వాతి ఊళ్లో మళ్లీ లేచాను. వేములవాడలో దిగి షేర్ ఆటో పట్టుకుంటే సిరిసిల్ల ఎంతో దూరం కాదు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటారు. ఆ గల్లీలో అడుగుపెడితే మన మాట మనకే వినపడదు. రాజలింగం తాత కూతురు పద్మక్క ఇంట్లో సగం సాంచాల షెడ్డే. నేను వెళ్లేసరికి నాలుగు అయింది. తాత చెంపకు రుమాలు కట్టుకుని, పంటి కింద లవంగం పెట్టుకుని కూర్చున్నాడు. నేనెవరో చెప్పగానే లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. డాక్టరు దగ్గరికి ఆరింటికి పోవాలట. "తాతా, బొంబాయి పాట ఒక్కసారి ఊదు, చాలు" అన్నాను. ఆయన నా చేతులు వదిలేశాడు.

"గా పాట ఇంట్ల ఊదద్దు బిడ్డా. అది సావు పాట."

హోటల్లో జనం డాన్సు చేసిన పాట చావు పాట ఎట్లా అయింది? తాత చెప్పాడు. నర్సయ్య కోరుట్ల వచ్చిన కొత్తలో ఒక పెళ్లిలో ఆ పాట ఎత్తుకున్నాడు. బొంబాయిలో బూర మూతికి టోపీ అడ్డం పెట్టి, తీసి, వా వా అనిపించేవాడు. ఇక్కడ టోపీ లేక, పెళ్లిలో కొట్టిన కొబ్బరికాయ చిప్ప పెట్టాడు. పెళ్లికూతురు తల్లి వచ్చి ఆపించింది. పిల్లను అత్తారింటికి పంపకముందే బూర ఏడుస్తున్నదని, శుభమా అని గొడవ. ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎవరూ ఆ పాట ఊదనివ్వలేదు. పెద్దవాళ్లు పోయినప్పుడు మాత్రం అదే కావాలని అడిగేవారు. అట్లా నెమ్మదై నెమ్మదై, పాడె ముందు నడిచే పాట అయింది.

"ఒక్కటే నాకు సమజ్ గాకపోయేది" అన్నాడు తాత. "మా గురువు పాడె ముంగట ఊదుకుంట గూడ కాలుతోని జోరుగ తాళమేసేటోడు. జనం తిట్టేటోళ్లు. అయినా కాలు ఆగకపోయేది."

పద్మక్క తండ్రి పక్షమే. "ఇంట్ల పిల్లలున్నరు చెల్లె, నారాజ్ గాకు" అంది. గడియారం నడుస్తూనే ఉంది. ఈ ఊళ్లో ఇవాళ ఎవరైనా ముసలివాళ్లు పోయారేమో కనుక్కుంటే బాగుండు అని ఒక్క క్షణం అనిపించింది. ఛీ, ఏం మనిషినే నేను అని నన్ను నేనే తిట్టుకుని, చెప్పులు వేసుకోబోయాను.

"పద్మా, ఓ కొబ్బరికాయ కొట్టు" అన్నాడు తాత వెనక నుంచి.

"ఎందుకు బాపు?"

"ఇంకో గంటల నా పన్ను సస్తది. బతుకంత నాతోని బూర పట్టింది గది. దాన్ని ఉత్తగనే సాగనంపుదమా?"

పద్మక్క ఏదో అనబోయి, నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. కాసేపటికి షెడ్డులో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గల్లీలో ఎవరైనా పోతే అట్లా బంద్ పెడతారట. పన్నుకు కూడా ఆ మర్యాద దక్కింది. ముగ్గురం పెరట్లోకి నడిచాం. తాత రుమాలు విప్పి, లవంగం ఉమ్మేసి, వెంట తెచ్చుకున్న తన బూర అందుకుని, ఎడమ చేత్తో కొబ్బరి చిప్ప బూర మూతికి ఆనించి మొదలుపెట్టాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపలేదు. చాలా నెమ్మదిగా, ఒక్కో స్వరం దగ్గర ఆగి, చిప్ప తీసి, మళ్లీ మూసి. మా ముత్తాత గొంతు నేనెప్పుడూ వినలేదు. అది వింటున్నట్టే అనిపించింది.

అయిపోయాక పెట్టె తెరిచాను. విన్నది విన్నట్టు ఒకసారి ఊదాను. రెండోసారి, నర్సయ్య కాలు తాళం వేసిన జోరు ఎంత ఉండేదో అంత వేగంగా ఎత్తుకున్నాను. నాలుగు స్వరాలు పోకముందే తాత పాదం నేల మీద కొట్టడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న పద్మక్క భుజాలు తాళానికి కదులుతున్నాయి. తాత నన్ను ఆపలేదు. పాట పూర్తయ్యాక తన పాదం వైపు చూసుకున్నాడు.

"గిదా మా గురువు కాలు జెప్పేది" అన్నాడు. కొబ్బరి చిప్ప నా చేతిలో పెట్టి, రుమాలు మళ్లీ కట్టుకుని, ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి పోయాడు.

సిద్దిపేట మీదుగా హైదరాబాద్ బస్సులో, ఆ రోజు మొదటిసారి, లేవకుండా కూర్చున్నాను. మా ముత్తాత పాటను ఇక్కడివాళ్లు పాడుచేశారని కోపం రావాలేమో. రాలేదు. పెళ్లిలో వద్దన్నవాళ్లే చావులో అడిగి అడిగి దాన్ని ఇన్నేళ్లు బతికించారు. మీరూ ఇటు పాత బ్యాండువాళ్లను వెతుక్కుంటూ వస్తే ఒక్క మాట: పాట ఊదమనే ముందు అది దేనికి ఊదేదో అడగండి, లేదంటే నాలాగే గుమ్మంలో ఇరుక్కుంటారు.

మర్నాడు పొద్దున తాత ఫోన్ చేశాడు. మాటల్లో గాలి పోతోంది. "ఊదు బిడ్డా, ఫోన్ల వింట" అన్నాడు. చిప్ప చేతిలోకి తీసుకుని, మెల్లగనా, జోరుగనా అని అడిగాను.

"జోరుగనే ఊదు" అన్నాడు. "సచ్చింది పన్నే గదా."