చేపల పని నాకొచ్చు

ఆ రోజుల్లో మాకు రాని పని లేదు. అంటే అన్నీ వచ్చని కాదు, రాదని చెప్పే అలవాటు లేదు. బొంబాయిలో ఏజెంటు ముందు కూర్చున్న నాటి నుంచే మా జగిత్యాల వైపు వాళ్లందరికీ ఇదొక పద్ధతి. తాపీ పని వచ్చా అంటే వచ్చు. వెల్డింగ్ వచ్చా అంటే వచ్చు. మా రూమ్‌లో ఒకాయన వంట వచ్చని చెప్పి ఎవరింట్లోనో చేరి, మూడో రోజే తిరిగొచ్చాడు (తర్వాత డ్రైవింగ్ కూడా వచ్చని చెప్పాడు, ఆ సంగతి ఇప్పుడు వద్దు). నేర్చుకోవడానికి మొదటి వారం ఉంటుంది కదా అన్నదే మా ధైర్యం. ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఆ ధైర్యం మరీ ఎక్కువ. అందుకే ఒమన్ దేశంలో నేను కొన్నాళ్లపాటు చేపల నిపుణుణ్ణయ్యాను.

అప్పుడు మేం రుసైల్‌లో ఒక గోదాము కట్టే సైట్‌లో ఉన్నాం. మేమంటే నేనూ, మా అక్క మొగుడూ. బావ మేస్త్రి, నేను హెల్పర్ని. బావ తక్కువ మాటల మనిషి. గల్ఫ్‌కు రాకముందు ఊరి దగ్గర చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో రెండేళ్లు కూలి చేశాడు (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఆ రోజు నేను మాత్రం మరిచిపోయినట్టు నటించాను). నేనైతే అప్పటిదాకా చేపను రెండు చోట్లే చూశాను, అంగట్లో, పళ్లెంలో. ఒక పొద్దున డ్యూటీకి వరుసలో నిలబడ్డాం. మా కంపెనీ యజమాని వచ్చాడు. ఆయన్ని అందరం అర్బాబ్ అనేవాళ్లం. సమాయిల్‌లో ఆయనకు ఖర్జూరం తోట ఉందని విన్నాం. ఆయన మా ముఖాలన్నీ చూసి, గల్ఫ్‌లో అందరం మాట్లాడే ఆ ముక్కల హిందీలో, "కిస్‌కో మచ్చీ కా కామ్ మాలూమ్?" అన్నాడు, చేపల పని ఎవరికి తెలుసని.

నాకు చేప కనబడలేదు, తోట కనబడింది. నీడ కనబడింది. ఆ నెలలో నేను అప్పటికే రెండుసార్లు ఎండకు సైట్‌లో సొమ్మసిల్లి పడ్డాను. ఆయన మాట పూర్తయ్యేలోపే నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. "మేరా దాదా మచ్చీ, మేరా బాప్ మచ్చీ" అని కూడా అన్నాను. వంశం మొత్తాన్ని చేపల్ని చేసేశానని తర్వాత తెలిసింది. పక్కనే ఉన్న బావ చెయ్యి కదల్లేదు. ఆయనకు హిందీ అంతంతమాత్రమే కదా, ప్రశ్న అర్థమై ఉండదనుకున్నాను. అర్థమయ్యేలా చెప్పే తీరిక నాకు లేకపోయింది. పికప్ ఎక్కి రుసైల్ దాటి కొండలు మొదలయ్యాక గానీ సిగ్గు వేయలేదు.

తోటలో నాకంటే ముందు పదేళ్ల నుంచి ఉన్న మనిషి కడప భాయ్. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు, మేకలతో అరబ్బీ మాట్లాడేవాడు. మోటారు, వంట, మేకలు అన్నీ ఆయనవే. బావినీళ్లు మోటారుతో ఒక పెద్ద సిమెంటు తొట్టిలో పడేవి. దాన్ని అక్కడ బిర్కా అంటారు. అందులోంచి కాలువలో ఖర్జూరం చెట్లకూ, మేకల కోసం వేసిన లూసర్న్ గడ్డికీ వెళ్లేవి. అర్బాబ్ లెక్క చాలా తెలివైనది. నీళ్లు ఎలాగూ తొట్టిలో ఊరికే నిలబడుతున్నాయి, అవే నీళ్లలో చేపలు పెరిగితే ఒక నీటికి రెండు పంటలు. ఆయన ప్లాస్టిక్ సంచుల్లో రెండు వందల తిలాపియా పిల్లల్ని తెప్పించాడు. మన దగ్గర జిలేబీ చేప అంటారే, అదే. వీపు మీద ముళ్ల రెక్క ఉంటుంది. పట్టుకున్న మొదటి రోజే నా బొటనవేలికి అది పరిచయమైంది. అర్బాబ్ తన అరచెయ్యి పూర్తిగా చాపి చూపించాడు. వచ్చే ఎండాకాలం ఖర్జూరం కోతకు చుట్టాలు వస్తారు. తలా ఒక పళ్లెం, పళ్లేనికి ఒక చేప, ఇంత. లేకపోతే? "రుసైల్" అన్నాడు నవ్వుతూనే.

మొదటి నెల దేవుడి దయవల్ల చేపలే నాకు పని నేర్పాయి. కోళ్ల దాణా వేశాను, మిగిలిన ఖుబ్బూస్ రొట్టెలు తుంచి వేశాను, పురుగు పట్టిన ఖర్జూరాలు వేశాను. అన్నీ తిన్నాయి. ఒకరోజు తెల్లారేసరికి చేపలన్నీ నీటి మీదికొచ్చి నోళ్లు తెరిచి నిలబడ్డాయి.

"ఏమిరా అబ్బీ, పైకి సూస్తాండాయి? వానకోసరం సూస్తాండాయా ఏంది?" అన్నాడు భాయ్.

"పొద్దుటి గాలి భాయ్. మంచిగుంటది వాటికి" అన్నాను, ముత్తాతల నాటి నిపుణుణ్ణి కదా. మధ్యాహ్నానికి పదకొండు చచ్చిపోయాయి. నీళ్లలో గాలి చాలక అలా చేస్తాయని, మోటారు వేసి పైనుంచి కొత్త నీళ్లు దూకిస్తే తేరుకుంటాయని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి తెల్లవారకముందే మోటారు వేసేవాణ్ణి, డీజిలు తగలేస్తున్నానని భాయ్ తిట్టేవాడు.

చలికాలం మొదలవుతుండగా అసలు గండం వచ్చింది. ఒక చేప దాణా దగ్గరికి రావడం మానేసింది. మూలన నిలబడి ఉంటుంది, నోరు బిగించి ఉంటుంది, గొంతు దగ్గర ఉబ్బి ఉంది. మరో రెండు రోజులకు అలాంటివి ఇంకో ఏడు కనబడ్డాయి. పరుగున పోయి భాయ్‌ని పిలుచుకొచ్చాను.

"భాయ్, వీటికి దవడలు వాచినయి."

భాయ్ తొట్టి గట్టు మీద గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. "నాకూ పోయిన నెల అట్లనే ఉండె. లవంగం పెట్టుకుంటి, తగ్గిపాయె" అన్నాడు.

మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ క్షణంలో ఇద్దరం నవ్వలేదు. భాయ్ వంటింట్లోంచి లవంగాల డబ్బా తెచ్చాడు. నేను తొట్టిలో దిగి ఆ చేపను తడిగుడ్డతో పట్టుకుని పైకెత్తాను. భాయ్ ఒక చేత్తో లవంగం పట్టుకుని, ఇంకో చేత్తో దాని నోరు మెల్లగా తెరిచాడు. అంతే, లోపలినుంచి బిలబిలమంటూ చిన్న చిన్న పిల్లలు నా అరచేతిలోకి రాలిపడ్డాయి. ఒకటి కాదు, పది కాదు. భాయ్ "యా అల్లా!" అని లవంగాల డబ్బా నీళ్లలో వదిలేశాడు. ఆ తల్లి పిల్లల్ని నోట్లో పెట్టుకుని, వాటికోసం ఇన్ని రోజులు తిండి మానేసి కూర్చుంది. నాకెందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్నీ పిల్లల్నీ మళ్లీ నీళ్లలో వదిలి క్షమించమని చెప్పాను, తెలుగులోనే.

ఈ వార్త విని అర్బాబ్ హల్వా పంచాడు. రెండు వందలు వేలయ్యాయి మరి! శుక్రవారం శుక్రవారం స్నేహితుల్ని తీసుకొచ్చి నన్ను చూపించేవాడు. నేనూ మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడేవాణ్ణి. కానీ నెలలు గడిచేకొద్దీ నాకొక సంగతి గుండెలో గుచ్చుకోసాగింది. చేపలు పెరుగుతున్నాయి గానీ సంఖ్యలోనే. ఏ చేపను పట్టినా నా వేలంతే. దాణా రెండింతలు చేశాను. వేలంతే. ఎండాకాలం దగ్గరికొస్తోంది. రుసైల్ సైట్ ఇనుప చువ్వలు కల్లోకి రాసాగాయి. బావకు కబురు పెడితే సరిపోయేది. కానీ ఏ ముఖం పెట్టుకుని పెట్టను? ఆయనకు రావాల్సిన నీడలో నేను కూర్చున్నాను కదా.

అర్బాబే ఆ పని చేశాడు. చేపలు ఎక్కువయ్యాయి కాబట్టి రెండో బిర్కా కట్టించాలని రుసైల్ నుంచి మేస్త్రిని పిలిపించాడు. పికప్‌లోంచి సిమెంటు బస్తాల మధ్య నుంచి దిగింది మా బావే. నేరుగా తొట్టి దగ్గరికి పోయి, దోసిట్లో నాలుగు చేపల్ని తీసి చూశాడు.

"ఎన్ని నెలలైందిరా?"

"ఐదు దాటింది బావా."

"గింతేనా! ఆడా మగా అన్నీ ఒక్క తానే ఉంచినవా?"

"చేపలల్ల గూడ ఆడ మగ సూస్తరా?"

బావ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. "ఇవి మూడు నెలలకే పిల్లల్ని పెడతయిరా. ఆ పిల్లలు మల్ల పెడతయి. నువ్వేసిన దాణా అంత పిల్లల్ని పెట్టుట్లనే పాయె. ఇగ పెరుగుడెట్ల? గిది చేపల పెంపకం గాదు, పురిటిల్లు" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు.

రెండో తొట్టికి ప్లాస్టరింగ్ ఆరాక, ముగ్గురం గట్టు మీద వరుసగా కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. చేపను వెల్లకిలా తిప్పి, పొట్ట కింద ఒక సిరా చుక్క రుద్ది చూడాలి. మగవాటికి రెండు రంధ్రాలు, ఆడవాటికి మూడు. మగవి కొత్త తొట్టిలోకి. మగవి తొందరగా, పెద్దగా పెరుగుతాయట, పైగా పురుళ్ల బెడద ఉండదు. సరిగ్గా అప్పుడే అర్బాబ్ స్నేహితులతో దిగాడు. ముగ్గురు మగవాళ్లు చేతులకు నీలం సిరాతో, కళ్లు చిట్లించి చేపల వెనకభాగాలు పరీక్షిస్తుంటే ఆ పెద్దమనుషులు కొయ్యబారిపోయారు. భాయ్ సిగ్గుపడుతూ అరబ్బీలో విషయం చెప్పాడు. అర్బాబ్ గట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. "లడ్కా స్కూల్ అలగ్, లడ్కీ స్కూల్ అలగ్! బహుత్ జైన్!" అన్నాడు. జైన్ అంటే అరబ్బీలో బాగుందని. (నెల తిరగకుండానే అబ్బాయిల స్కూల్లో పిల్లలు కనబడ్డారు. ఆ అమ్మాయిని చేర్చుకున్న మాస్టారు ఎవరో అడగొద్దు.)

మిగిలిన వేలెడు చేపల్ని కొన్ని చింతపండు పులుసు పెట్టుకున్నాం, కొన్ని ఈతచాపల లాంటి ఖర్జూరపు చాపల మీద ఎండబెట్టి రుసైల్ క్యాంపుకు పంపాం. మావాళ్లు ఆ ఎండుచేపల వాసనకే రెండు ముద్దలు ఎక్కువ తిన్నారట. కొత్త తొట్టిలోవి మాత్రం బావ చెప్పిన కొలత ప్రకారం దాణా తిని, వారం వారం కళ్లముందే వెడల్పయ్యాయి.

ఖర్జూరం కోత వచ్చింది. చుట్టాలు వచ్చారు. పళ్లేనికి ఒక చేప, అర్బాబ్ అరచెయ్యి కంటే రెండు వేళ్లు ఎక్కువే ఉంది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. వాళ్లలో పెద్దాయన నిదానంగా నమిలి, తలూపి, ఏదో అన్నాడు. భాయ్ నా చెవిలో చెప్పాడు: "బాగుండాదంట. కానీ మనకు సముద్రం ఉండగా దీనికిన్ని పాట్లెందుకంటాండాడు." నా పని అయిపోయిందనుకున్నాను. భోజనాలయ్యాక అర్బాబ్ నన్ను గడ్డిమడి దగ్గరికి తీసుకెళ్లాడు. చేపల నీళ్లు తాగి లూసర్న్ మోకాలిదాకా లేచి నల్లగా నిగనిగలాడుతోంది. ఇంతకు ముందెప్పుడూ అంత తొందరగా కోతకు రాలేదు. ఆయన మేకల వైపు చూసి, నా వైపు చూసి, "మచ్చీ ఠీక్. ఘాస్ బహుత్ జైన్. తుమ్ ఇధర్" అన్నాడు. నా ఉద్యోగాన్ని చివరికి గడ్డి కాపాడింది.

కోత పనికి రుసైల్ నుంచి మళ్లీ పిలిపించిన వాళ్లలో బావ కూడా ఉన్నాడు. తిరుగు ప్రయాణానికి పికప్ సిద్ధమవుతుంటే, ఇక ఆగలేక అడిగేశాను.

"బావా, ఆ దినం అర్బాబ్ అడిగింది నీకు సమజ్ కాలేదా?"

"కాకేం. మచ్చీ అంటె సమజ్ కాదా?" అన్నాడు బావ, చెప్పు విదిలించుకుంటూ. "చెయ్యి లేపుదామనే అనుకున్న. పక్కకు సూస్తే నువ్వు లేపి ఉన్నవ్. అప్పటికే రెండుసార్లు కిందపడ్డోనివి. మూడోసారి పడి లేవకపోతె మీ అక్కకు ఏం జెప్పాలె?"

నేనేదో అనబోయాను. "మగయాటిని మంచిగ ఏరుడు నేర్చుకో ముందు" అని పికప్ ఎక్కి ఖాళీ సిమెంటు సంచి మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నపు ఎండలోనే వెళ్లిపోయాడు. నేను నీడలో నిలబడి చెయ్యి ఊపాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ అంగట్లో జిలేబీ చేప కనబడితే వెల్లకిలా తిప్పి చూస్తాను, మా ఆవిడ తల కొట్టుకుంటుంది. ఆ ఇరవై రెండేళ్ల నిపుణుణ్ణి తలచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. అన్ని పనులూ వచ్చనే నా అలవాటు కూడా పూర్తిగా పోలేదు. కాకపోతే ఇప్పుడు ఎవరైనా ఏదైనా వచ్చా అని అడిగితే, చెయ్యి లేపే ముందు ఒకసారి పక్కనున్న మనిషి వైపు చూస్తాను.