పంతొమ్మిదిసార్లే నొక్కిన

వైకుంఠం చేతులు ఊరికే ఉండేవి కావు. బస్సులో కూర్చుంటే ముందు సీటు బోల్టు వదులైందేమోనని వేలితో తిప్పి చూసేవాడు. చుట్టాలింటికి వెళితే తలుపు గొళ్లెం సరిగా పడుతోందో లేదో రెండుసార్లు వేసి తీసేవాడు. కార్వాన్ బస్తీలో తాళాలు బాగుచేసే తండ్రి పక్కన కూర్చుని, బడికి పోయే వయసులోనే ఆకురాయి పట్టిన చేతులవి. పోలీసు కానిస్టేబుల్‌గా చేరిన కొత్తలో ఆ చేతుల పనితనం చూసి ఒక అధికారి అతణ్ణి ఆయుధాలు మరమ్మతు చేసే విభాగానికి పంపాడు. అక్కడే హెడ్ కానిస్టేబుల్ అయ్యాడు. 2003 నాటికి అతనికి యాభై ఒక్కేళ్లు. ఛత్రినాకలో రెండు గదుల ఇల్లు, భార్య సుశీలమ్మ, డిగ్రీ చదువుతున్న కూతురు కీర్తిప్రియ.

బాగుచేసిన ప్రతి తుపాకినీ, కొత్తగా వచ్చిన ప్రతి తుపాకినీ ముందుగా పేల్చి చూడటం అతని పని. ఊరి అంచున గుట్టల మధ్య పోలీసులు కాల్పులు సాధన చేసే రేంజిలో పాతికేళ్లుగా అదే పని చేశాడు. ఆ పాతికేళ్ల పేలుళ్లకు అతని ఎడమ చెవి పోయింది. కుడి చెవి కూడా మునుపటిలా లేదు. ఈ సంగతి అతనికి 1997 బోనాలప్పుడు తెలిసింది. ఎడమ పక్క నుంచి ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ వచ్చి కాలి మీదికి ఎక్కబోయింది. డ్రైవర్ నోరు తెరిచి తిడుతుంటే ఆ నోటి కదలికే కనిపించింది గాని మాట వినిపించలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెవి పోయిందని తెలిస్తే రేంజికి పనికిరాడని రాసేస్తారు, స్టోరులో కూర్చోబెడతారు. ఏటా జరిగే వైద్య పరీక్షలో డాక్టర్ పెదాలు చూసి జవాబు చెప్పి గట్టెక్కేవాడు. చెవిని నమ్మలేనని తెలిశాక మాత్రం ఒక అలవాటు చేసుకున్నాడు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ మనసులో ఒకటి, రెండు అని వరుసగా అంకె అనుకునేవాడు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున రేంజికి ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో విదేశం నుంచి తెప్పించిన పది రైఫిళ్లున్నాయి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటా పేలి, తర్వాతి తూటాను తనంతట తనే ఎక్కించుకునే రకం. మిగతా కంపెనీల ధరలో మూడోవంతుకే వస్తాయట. నచ్చితే వందల్లో కొంటారు. వాటిని తెప్పించిన సంస్థ తరఫున ఫణికుమార్ అనే యువకుడు వచ్చాడు. నడుముకు సెల్‌ఫోను, చేతిలో ఫైలు. రేంజి బాధ్యత చూసే ఇన్‌స్పెక్టర్ శ్రీహరిరావుది గుంటూరు వైపు. మర్యాదస్తుడే గాని ఆ వారం తొందరలో ఉన్నాడు.

"సోమవారం కమిటీ కూర్చుంటుందండీ వైకుంఠం గారూ. ఇవాళ ఒక రైఫిల్ తీసుకుని మూడొందల రౌండ్లు పేల్చి, మీకేమనిపించిందో రాసివ్వండి. మిగతావి తర్వాత చూద్దాం" అన్నాడు.

వైకుంఠం పెట్టెలోంచి ఒకటి తీశాడు. ఎర్రటి గ్రీజు దట్టంగా పూసి ఉంది. కిరోసిన్‌తో తుడిచినా వేళ్లకు జిడ్డు వదల్లేదు. వెనక చెక్క అంచులు సరిగా నున్న చేయలేదు, అరచేతికి గీరుకుంటోంది. ఇనుప రేకు వంచి చేసిన భాగాలు ఎక్కువ. ఎత్తి భుజానికి ఆనించుకుంటే మాత్రం అనుకున్నదానికన్నా తేలికగా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కి చూశాడు. ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు గరుకుగా కదిలి, చివర్లో టక్కున వదిలింది.

మొదటి ఇరవై తూటాలు పేల్చాక గురి బల్ల దగ్గరికి నడిచి వెళ్లి చూశాడు. యాభై మీటర్ల దూరంలో ఇరవై రంధ్రాలూ అరచేతి మేరలో పడ్డాయి. సంతోషమేసింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు శ్రీహరిరావు.

"ట్రిగ్గర్ జర గరుకుగున్నది సార్. గురి మాత్రం మస్తున్నది."

ఫణికుమార్ నవ్వి ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

ఎండ ఎక్కింది. ఒక్కో మేగజైన్‌లో ఇరవై తూటాలు పడతాయి. ఆరోదానిలో ఒక తూటా అడ్డం పడి ఇరుక్కుంది. తీసి మళ్లీ మొదలుపెట్టాడు. బ్యారెల్ చేయి పెట్టలేనంత వేడెక్కింది. తొమ్మిదో మేగజైన్‌లో పన్నెండోసారి నొక్కినప్పుడు భుజం మీద పడ్డ దెబ్బ ఎప్పటిలా అనిపించలేదు. ఒక తోపు వెనకే ఇంకో తోపు ఉన్నట్టనిపించింది. ఆగలేదు, లెక్క తప్పకుండా నొక్కుతూ పోయాడు. పంతొమ్మిదికి మేగజైన్ ఖాళీ అయింది.

ఇరవై తూటాలు తన చేత్తోనే ఎక్కించాడు. కింద పడ్డ ఖాళీ తొడుగులు ఏరి లెక్కపెడితే ఇరవై ఉన్నాయి. గురి బల్ల దగ్గరికి ఈసారి దాదాపు పరుగెత్తాడు. పంతొమ్మిది రంధ్రాలు అరచేతి మేరలో ఉన్నాయి. ఒకటి మాత్రం జానెడు పైకి, కాగితం అంచు మీద ఉంది.

"సార్, ఒక్కసారి నొక్కితే రెండు పోయినయి" అన్నాడు తిరిగొచ్చి.

శ్రీహరిరావు అప్పటిదాకా ఫోనులో మాట్లాడుతున్నాడు. పక్క వరుసల్లో కానిస్టేబుళ్లు వాళ్ల సాధనలో వాళ్లున్నారు. చూసినవాడెవడూ లేడు.

"వేలు జారి రెండుసార్లు నొక్కి ఉంటారండీ" అన్నాడు ఫణికుమార్. "కొత్త ట్రిగ్గర్ కదా, ఎవరికైనా అవుతుంది. నిజంగా వెంటవెంటనే రెండు పేలితే ఆ చప్పుడే వేరుగా ఉంటుంది. మీకలా వినపడిందా?"

వైకుంఠం వంగి ఖాళీ తొడుగులు మళ్లీ లెక్కపెట్టాడు.

శుక్రవారం అదే రైఫిల్‌తో మరో నాలుగు వందలు పేల్చాడు. నెమ్మదిగా కాల్చాడు, వేగంగా కాల్చాడు, పడుకుని కాల్చాడు. ఒక్కసారి కూడా మళ్లీ రెండు పోలేదు. సాయంత్రానికి భుజం వాచింది. "మీరే చూశారుగా" అన్నాడు ఫణికుమార్, ఈసారి నవ్వకుండానే.

"అనుమానం రాస్తే కమిటీ వాళ్లు సాక్ష్యం అడుగుతారండీ" అన్నాడు శ్రీహరిరావు. "నాకు మీ మీద నమ్మకముంది. కానీ ఒక్కసారి జరిగింది, మళ్లీ జరగలేదు. ఆలోచించుకుని రాయండి."

ఆదివారం వైకుంఠం ఇంట్లో నిలవలేకపోయాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు. నల్లా విప్పి మళ్లీ బిగించాడు. కూతురి సైకిల్ చైను ఊడదీసి తుడిచి ఎక్కించాడు. చూపుడువేలు తనంతట తనే ముడుచుకుని తెరుచుకుంటోంది. పన్నెండోసారి నిజంగా ఒక్కసారే నొక్కాడా? వేలు తెలియకుండా అదిరిందా? వయసు మీద పడుతోంది. చెవి మోసం చేసినట్టే వేలూ చేసిందేమో. చెప్పులేసుకుని బయటపడ్డాడు. ఎటు పోతున్నాడో అనుకోకుండానే చార్మినార్ మీదుగా నడిచి నడిచి, మూసీ దాటి అఫ్జల్‌గంజ్ చేరాడు. పనిముట్ల దుకాణంలో ఒక ఆకురాయి చేతిలోకి తీసుకుని వేలితో రాసి చూసి పెట్టేశాడు. ఇంకోటి తీశాడు.

"క్యా హోనా భాయ్?" అని ఏం కావాలో మూడోసారి అడిగాడు దుకాణదారు.

"కుచ్ నై" అని తల అడ్డంగా ఊపి బయటికొచ్చి, వంతెన మీద కాసేపు నిలబడి, బస్సెక్కి ఇంటికొచ్చాడు.

సాయంత్రం గడప మీద కూర్చుంటే సుశీలమ్మ చాయ్ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఏంది గట్లున్నవ్? రెండు రోజుల సంది ఒక్కతాన కూసోవైతివి."

జరిగింది చెప్పాడు. చివరికి చెవి సంగతి కూడా చెప్పాడు. "రెండు చప్పుళ్లు ఇన్నవా అని అడుగుతరు. ఇన్న అంటే అబద్ధం. ఇనలే అంటే నా మాట ఎవ్వడు నమ్మడు. చెవి పోయిందంటే రేంజి పోతది."

"చెవి సంగతి నాకు ఎర్కలేదనుకున్నవా?" అంది సుశీలమ్మ. "ఆరేండ్ల సంది నీ కుడిపక్కనే కూసుంటున్న. బిడ్డకు గూడ గట్లనే చెప్పిన."

వైకుంఠం ఆమె వైపు చూశాడు. నిజమే, ఆమె కుడిపక్కనే ఉంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన. ఇగ చాయ్ తాగు, సల్లగైతది."

సోమవారం కమిటీ ముందు ఒక బల్ల, దాని వెనక ముగ్గురు అధికారులు. పెద్దాయన పేరు ఆనందరావు. వైకుంఠం రాసిన కాగితం ఆయన చేతిలో ఉంది. తేలిక, గురి బాగుంది, ట్రిగ్గర్ గరుకు, ఒక తూటా ఇరుక్కుంది. అన్నీ చదివాక చివరి వాక్యం దగ్గర ఆగాడు.

"ఒక నొక్కుకు రెండు తూటాలు పోయాయని రాశారు. ఏడు వందల్లో ఒక్కసారి. రెండు చప్పుళ్లు విన్నారా?"

"లేదు సార్."

"వినకపోతే ఎట్లా తెలిసింది?"

వైకుంఠం గోడవారగా నిలబడ్డ శ్రీహరిరావు వైపు ఒకసారి చూశాడు.

"నాకు ఎడమ చెవి ఇనవడది సార్. కుడిది సగమే. ఆరేండ్లయింది, దాచిపెట్టిన. తప్పు నాదే. చెవి లేదు గాబట్టే ప్రతి నొక్కుడు లెక్కవెడత. ఆరేండ్లల్ల ఒక్కసారి లెక్క తప్పలే. ఆ దినం పంతొమ్మిదిసార్లే నొక్కిన సార్. ఇరవై పోయినయి."

"చెవుడున్న మనిషి రిపోర్టు..." అని ఫణికుమార్ మొదలుపెట్టబోతే ఆనందరావు చెయ్యెత్తి ఆపాడు.

"మిమ్మల్ని రేంజి పనినుంచి తప్పించక తప్పదు. వైద్య పరీక్షకు వెళ్లండి" అన్నాడు వైకుంఠంతో. తర్వాత శ్రీహరిరావు వైపు తిరిగాడు. "మిగిలిన తొమ్మిదీ ఐదేసి వందలు కాల్పించండి. ప్రతి నొక్కూ లెక్కపెట్టడానికి పక్కన ఒక మనిషిని పెట్టండి."

మూడు రోజులు కాల్పించారు. వైకుంఠాన్ని పేల్చనివ్వలేదు గాని వెనక నిలబడి చూడటానికి శ్రీహరిరావు ఒప్పుకున్నాడు. నిలబడటం అతనికి చేతకాలేదు. తెల్లగీత వెనక ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఆరో రైఫిల్ శ్రీహరిరావే తీసుకుని పేలుస్తున్నాడు. బ్యారెల్ మీద గాలి అలలుగా వణుకుతోంది. ఉన్నట్టుండి రెండు ఖాళీ తొడుగులు ఒకదాని వెనక ఒకటి గాల్లోకి ఎగరడం వైకుంఠానికి కనిపించింది. లెక్కపెడుతున్న కానిస్టేబుల్ పెన్ను పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. శ్రీహరిరావు రైఫిల్ దించి, తన వేలి వైపు చూసుకున్నాడు. ఇంకో పది తూటాల తర్వాత మళ్లీ అదే జరిగింది.

ఆ రైఫిల్‌ను విప్పింది వైకుంఠమే. ట్రిగ్గర్ వెనక, ఒక తూటా పేలగానే పట్టి ఆపాల్సిన చిన్న కొక్కెం అంచు గుండ్రంగా అరిగిపోయింది. గోటితో గీస్తే గీత పడేంత మెత్తటి లోహం. వేడెక్కినప్పుడు ఒక్కోసారి పట్టు జారుతోంది. మొదటి రైఫిల్ విప్పితే అందులోనూ అదే అరుగుదల, ఇంకా కొంచెం తక్కువ. పదీ తిరిగి పెట్టెలో వెళ్లిపోయాయి. ఫణికుమార్ వెళ్లేటప్పుడు వైకుంఠం దగ్గరికొచ్చి చేయి కలిపాడు. ఏమన్నాడో అతనికి వినిపించలేదు, మళ్లీ అడగలేదు కూడా.

వైద్య పరీక్ష అయింది. రేంజికి పనికిరాడని రాసి, భయపడినట్టే స్టోరుకు పంపారు. అక్కడ కుర్చీ, రిజిస్టరు, వరుసగా బూట్ల పెట్టెలు. వారం రోజుల్లో బీరువాల తాళాలన్నీ విప్పి నూనె వేశాడు. నెల తిరిగేసరికి బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. గంటకొకసారి లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చేవాడు. రేంజికి పోయే వ్యాను కదిలినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది. ఆ వర్షాకాలం శ్రీహరిరావు పైవాళ్లకు రాసి, పేల్చే పని లేని మరమ్మతు బల్ల మీదికి అతణ్ణి మార్పించాడు.

మరుసటి ఏడు శ్రీహరిరావుకు బదిలీ అయింది. వెళ్లేముందు మరమ్మతు గదికి వచ్చి, బల్లకు కుడివైపు నిలబడి, గొంతు పెంచి మాట్లాడాడు.

"ఆ రోజు నా చేతిలో మొదటిసారి రెండు పేలినప్పుడు ముందు నన్ను నేనే అనుమానించానండీ. వేలు జారిందేమో అనుకున్నాను. రెండోసారి జరిగేదాకా, ఆ పది తూటాల సేపు చెమటలు పట్టాయి. మీరు నాలుగు రోజులు ఆ అనుమానంతో ఎలా ఉన్నారు?"

"యాడ ఉన్న సార్? అఫ్జల్‌గంజ్ దాంక నడిచిన" అన్నాడు వైకుంఠం.

శ్రీహరిరావు నవ్వాడు. వైకుంఠం కూడా నవ్వి, బల్ల మీద విప్పిపెట్టిన పాత రైఫిల్ స్ప్రింగును వెలుతురుకు ఎత్తి పట్టి చూడసాగాడు.