ముందు చాయ్, తర్వాతే గరిజె

సూర్యాపేట ఆనందం ఎక్కడికి వెళ్లినా చంకలో ఫ్లాస్కు ఉండాల్సిందే. ఆయన ఉన్నచోట అందులోని పచ్చ చాయ్ తాగకుండా ఎవరూ మిఠాయి ముట్టడానికి వీల్లేదు. నీలగిరి నుంచి తెప్పించిన పచ్చ తేయాకులో తులసి, నిమ్మగడ్డి, పొడపత్రి వేసి మరిగించేవాడు. పొడపత్రి తగిలిన నాలుకకు కాసేపు తీపి తెలియదు. "గిట్లయితెనే చక్కెర మీద యావ పోతది" అనేవాడు. తుంగతుర్తిలో ఒక పెళ్లికొడుకు ఆ చాయ్ తాగి సున్నుండ కొరికి, "ఇది సున్నిపిండా?" అని అడిగాడు. వంటవాడు పందిట్లోనే ఏడ్చాడు.

అలాంటి ఆనందం వస్తున్నాడని తెలియగానే స్వరాజ్యలక్ష్మికి కాళ్లూ చేతులూ ఆడలేదు. కోదాడ పిల్ల. మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్లింటికి కోడలై నెల కూడా కాలేదు. ఆనందం ఆమెకు చిన్నమామ, అంటే మామగారి తమ్ముడు. మిల్లులో కొత్త మిషనుకు పూజ, నలభైమంది చుట్టాలు, వాళ్లందరికీ కజ్జికాయల్లాంటి గరిజెలు చేసే పని ఆమెది. "మా కోడలి చెయ్యి సూద్దురు రండి" అని అత్తగారు వాడంతా చాటింది.

'ఎంత బాగా చేసినా ఆ చాయ్ ముందు బూడిదే కదా' అని రాత్రంతా కుమిలింది. ఆ దిగులుతోనే తెల్లవారుజామున పొయ్యి వెలిగించింది. పుట్నాల పొడి, కొబ్బరి, యాలకులు కలిపి కూరింది, అంచులు మడిచింది, రెండొందలు వేయించింది. చివరి వాయి దించి తల తిప్పితే అలమరలో చక్కెర పొడి గిన్నె, నిండుగా, ముట్టకుండా.

అవతల విస్తళ్లు వేసేశారు. సరిగ్గా అప్పుడే వేడినీళ్లకని ఆనందం వంటింట్లోకి వచ్చాడు. గిన్నె చూశాడు, గరిజెలు చూశాడు, ఆమె మొహం చూశాడు.

"మామయ్యా..." అంటూ ఆమె గిన్నె చేతిలోకి తీసుకుంది.

"ఆ గిన్నె లోపల వెట్టు బిడ్డా" అని బయటికి నడిచాడు.

"ముందు చాయ్, తర్వాతే గరిజె!" అంటూ పంక్తి పొడుగునా గ్లాసులు పెట్టాడు. అందరూ మొహాలు ముడుచుకుని మింగారు, అత్తగారు తప్ప.

"నేను తాగ. నా కోడలు చేసింది నేను మంచిగ తింట" అని ఆమె గరిజె అందుకుంది. తలుపు వెనక స్వరాజ్యలక్ష్మి కళ్లు గట్టిగా మూసుకుంది.

"వదినా, నువ్వు తాగెదాంక నేను గీడికెల్లి కదల" అని ఆనందం విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వడ్డన ఆగిపోయింది. చుట్టాలు నవ్వుతున్నారు. అత్తగారు ముక్కు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది.

ఆ తర్వాత నలభైమంది ఒకేసారి కొరికారు.

"థూ! తీపే లేదు!"

"ఏముంటది, ఆనందం చాయ్!"

"పిల్ల కష్టమంత ఖతం జేసినవు గదయ్యా!" అని అత్తగారు గరిటె ఎత్తింది. ఆనందం చెవులు పట్టుకున్నాడు. నలభైమంది తిట్లూ నవ్వుతూనే పడ్డాడు.

అందరూ వెళ్లాక స్వరాజ్యలక్ష్మి కళ్లు తుడుచుకుంది. "నా తప్పుకి మీరు మాటలు పడ్డారు మామయ్యా."

"నాకేం కొత్తనా? తుంగతుర్తిల ఆ వంటాయన గూడ బెల్లమే మరిసిండు" అని ఫ్లాస్కు మూత బిగించి, గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "నేనింకా చాయ్ తాగలే బిడ్డా. ఒక్క గరిజె విప్పి, గా చక్కెర జర నిండుగ పొయ్యి."