బాత్రూం పక్క కుర్చీ సారు

మా సారు పోయిన్రని పోయిన నెల వాళ్ళ బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. నిద్రల్నే గుండె ఆగిందట. అశోక్ నగర్ హాస్టల్ల బట్టలు పిండుతున్నదాన్ని, ఆ సబ్బు చేతులతోనే కూలబడ్డ.

సారంటే నాకు క్లాసు చెప్పిన సారు కాదు. మేం పరీక్షలకు చదువుకునే చిక్కడపల్లి రీడింగ్ రూముకు, రిటైరయినంక రోజూ పేపర్లు చదవనీకి వచ్చేటోరు. ఎన్ని కుర్చీలు ఖాళీగున్నా బాత్రూం పక్క కుర్చీలనే కూసునేటోరు. ఆ కంపుల ఈయనకేం పని అని నవ్వుకునేటోళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గయితది.

అప్పటికి ఆర్నెల్ల సంది నాకు నెత్తురు విరేచనాలు. రోజుకు ఏడెనిమిది మాట్లు ఉరికేదాన్ని. హాస్టల్ల అడిగితే వేడి చేసిందన్న. మజ్జిగ తాగిన, సబ్జాలు మింగిన, మెడికల్ షాపుల మొలల గోలీలు కొనుక్కున్న. అమ్మకు సుత చెప్పలే. పెండ్లిగాని పిల్లకు ఇదేం రోగమంటరని భయం.

ఒకనాడు నేను మాటిమాటికి బాత్రూంకు ఉరుకుడు చూసి, సారు నా పుస్తకాలు తీసి తన కుర్చీల పెట్టిన్రు. "నాకిది ఇరవై ఏండ్ల సంది ఉంది బిడ్డా. సిగ్గుపడితే పేగులు ఊకుంటయా? డాక్టర్‌కు చూపించుకో" అన్నరు. మస్తు కోపమొచ్చింది. మూడు రోజులు ఆ దిక్కు పోలే. నాలుగో రోజు కళ్ళు తిరిగి మెట్ల మీద పడితే, సారు వాళ్ళ బిడ్డను పిలిపించి ఆటోల నారాయణగూడ దవాఖానకు తీస్కపోయిన్రు.

కెమెరా పెట్టి చూసి, పెద్దపేగు వాచి పుండ్లయినయన్నరు. పూర్తిగ పోయేది కాదు, మందులతోని అదుపుల ఉంటదన్నరు. నేను ఏడుస్తుంటే సారు ఊకోమనలే. ఏ గోలి ఎప్పుడేసుకోవాల్నో అట్టల మీద రాసుకుంట కూసున్నరు.

రెండు నెలలకు మంచిగయింది. అయింది గదా అని గోలీలు బంద్ చేసిన. పరీక్ష ముంగట మళ్ళ రేగింది, పరీక్ష పోయింది. సారు తిట్టలే.

"మంచిగున్నవంటే మందు పనిచేస్తున్నట్టు బిడ్డా, రోగం పోయినట్టు కాదు."

తిడితేనే బాగుండు అనిపించింది.

సారు పదకొండో దినం భోజనాలకు పోయిన. అప్పటికి నాకు మళ్ళ జర రేగింది. వరుసల కూసుంటే సారు భార్య చిన్న గిన్నె తెచ్చి, కారం లేని పప్పు, మెత్తటి అన్నం నాకొక్కదానికే పెట్టింది. సారుకు వండే గిన్నెనట. ఈ పిల్లకెందుకు వేరేగ అని పక్కన ఒక పెద్దాయన అడిగిండు. ఎప్పట్లెక్కయితే ఏదో అబద్ధం చెప్పేదాన్నే.

"నాకు పెద్దపేగుల పుండ్లున్నయి పెదనాయినా. సారుకున్న రోగమే."

గట్టిగనే అన్న. వరుసంత ఇన్నది.

తిని లేచి పోతే, చేతులు కడుక్కునే కాడ ఒకామె నిలబడి ఉంది. ఆమె చేతులు ఎప్పుడో ఆరిపోయినయి. నా కోసమే ఆగినట్టుంది. అటిటు చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకొని, "ఏ డాక్టర్ బిడ్డా?" అని మెల్లగ అడిగింది.