అమ్మవారి ముందు కంగారూ

నా దగ్గర తొమ్మిది వెండి జంతువులు ఉండేవి. కంగారూ, పాండా, ఏనుగు, గుడ్లగూబ, పేరు నాకే సరిగ్గా తెలియనివి ఇంకో ఐదు. ఏవేవో దేశాలు ఏటా కొత్త బొమ్మతో వేసే నాణేలవి. వాటితో ఎక్కడా టీ కూడా కొనలేం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఒకాయన అమ్మేవాడు. కింద పిల్లలు బ్యాంకు పరీక్షకు లెక్కలు నేర్చుకుంటుంటే, పైన నేను నేర్చుకున్న లెక్కలన్నీ మరిచిపోయేవాణ్ణి.

మా ఆవిడది పోచంపల్లి. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి వెండి ముఖం కావాలని ఆమెకు ఎన్నేళ్లుగానో కోరిక. ఏటా కొబ్బరికాయకు పసుపు ముద్ద పూసి, కాటుకతో కళ్లు దిద్దుకునేది. మొదటి నాణెంతో పట్టుబడిన రోజు, "నీ అమ్మవారి కోసమే. కాస్త కాస్త వెండి కూడబెట్టి ముఖం చేయిద్దామని" అన్నాను. అబద్ధం అంత చక్కగా అమరుతుందని నేనూ అనుకోలేదు. అప్పట్నుంచి నేను తెచ్చిన ప్రతి నాణేన్నీ, అది గీత పడకుండా ఉండే ప్లాస్టిక్ డబ్బీతో సహా, ఆమె కళ్లకద్దుకునేది. నేను ఇంట్లో భక్తుణ్ణయిపోయాను.

కిందటి శ్రావణంలో వ్రతం రోజు, కొత్తపేట రైతుబజారు నుంచి పూలు తెచ్చేసరికి కలశానికి నాలుగు వైపులా నాలుగు నాణేలున్నాయి. డబ్బీలు లేవు. ముఖం ఈ ఏడూ కుదరలేదు కాబట్టి, కనీసం దాని వెండైనా అమ్మవారి ముందుండాలని చింతపండుతో తోమి, విభూతితో రుద్ది, పసుపూ కుంకుమా పెట్టింది. అలాంటి నాణెం మీద వేలిముద్ర పడినా సేకరించేవాళ్లు మొహం తిప్పుకుంటారు. మా ఆవిడ పీచు వాడింది.

అప్పటికి కోపం మింగాను. సాయంత్రం తాంబూలానికి వచ్చిన పక్క ఫ్లాటు పిన్నిగారు, బెజవాడ మనిషి, కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇదేంటమ్మాయ్, అమ్మవారి ముందు ఎలుకను పెట్టావు? వినాయక చవితికి ఇంకా టైముందిగా!"

"ఎలుక కాదండీ, కంగారూ!" అని అరిచాను. "తోమి తోమి గీతలు పెట్టేసింది. ఇంక దాన్ని ఎవడు తీసుకుంటాడు?"

పిన్నిగారు శనగలు కొంగున కట్టుకుని చల్లగా జారుకున్నారు. మా ఆవిడ నా వైపు చూసింది.

"కరగబెట్టేదానికి గీతలు పడితే ఏమైతది?"

నేను వంగి కలశం దగ్గరి పూలు సర్దసాగాను.

"అంటే ముఖం చేపిస్తనన్నది ఉత్తదే. ఇన్నొద్దులు నాతోటి జంతువులకు మొక్కించిన్రు."

వారం తర్వాత ఇద్దరం వెండి కొట్టుకు వెళ్లాం. సిగ్గుపడ్డాను గానీ బుద్ధి మాత్రం మారలేదు. తోమిన నాలుగూ త్రాసు దగ్గర పెట్టి, మచ్చలేని ఐదూ జేబులోనే ఉంచుకున్నాను.

"గవి కాదు," అంది. "పూజ చేసినయి ఎట్ల కరగబెడ్తరు? జేబుల ఉన్నయి తియ్యుండ్రి."

ఒక్కొక్కటీ తీశాను. చివరిదాని దగ్గర ఆగి, "గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమంటారు..." అని నసిగాను.

"మంచిగనే ఉన్నది. ఆమెలనే కలువనియ్యుండ్రి."

కొట్టాయన నవ్వు ఆపుకుంటూ డబ్బీ విప్పాడు.

ముఖం బాగా కుదిరింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం అమ్మవారు పైన, కంగారూ కింద. మా ఆవిడ హారతి పళ్లెం నా ముందుకు తెచ్చి, "మొక్కుండ్రి" అంటుంది. మొక్కుతాను. కళ్లు మూసుకోకుండా, పాండా అమ్మవారి బుగ్గలో కలిసిందా, ముక్కులోనా అని ఇంకా వెతుకుతూనే ఉంటాను. అది కూడా మా ఆవిడకు తెలుసు.