అమ్మ చేతికి రాసి చూసిన రంగు

బస్సు లింగంపేట దాటి కామారెడ్డి వైపు ఊపందుకున్నాక నా కుడి చెవి వెనక చిన్నగా దురద మొదలైంది. మొదట చెమట అనుకున్నాను. తర్వాత చున్నీ అంచు గుచ్చుకుంటోందనుకున్నాను. ఐదు నిమిషాలకు దురద చెవి దాటి నుదుటి మీదికి నడిచి వచ్చింది. పదో నిమిషానికి కనురెప్పలు ఉబ్బి బరువెక్కాయి. ప్రమాదం నా నెత్తి మీదే కూర్చుని, టికెట్ లేకుండా నాతోపాటు ప్రయాణం చేస్తోందని అప్పుడు అర్థమైంది. ఎల్లారెడ్డిలో ఎక్కినప్పుడు "చెల్లె, టికెట్" అన్న కండక్టరే కామారెడ్డిలో దిగేటప్పుడు నా ముఖం చూసి, "పెద్దమ్మా, పైలం, మెల్లగ దిగు" అన్నాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు.

ఆ రోజుల్లో నా బాధలన్నీ పాపిట దగ్గర తొమ్మిదో పదో తెల్ల వెంట్రుకలై మొలిచి ఉండేవి. (తొమ్మిదో పదో అని ఇప్పుడంటున్నాను కానీ, అప్పుడు రోజూ అద్దం ముందు లెక్కపెట్టేదాన్ని. పదకొండు.) డిగ్రీ బీజెడ్‌సీ పాసై, కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. సోమవారం పొద్దున వచ్చి ఏడో తరగతికి ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం, లేదంటే ఎల్లారెడ్డిలో అమ్మ పక్కన నేనూ ఒక చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం. అయినా నా దిగులు పాఠం గురించి కాదు. ఆ పిల్లలు నా పాపిట చూసి "అవ్వ టీచర్" అని పేరు పెడతారేమోనని.

అందుకే గురువారం సాయంత్రం బస్టాండు దగ్గరి కంగన్ హాల్‌కు వెళ్లాను. గాజులతోపాటు సబ్బులు, నూనెలు, జుట్టు రంగులు అన్నీ అక్కడే దొరుకుతాయి. దుకాణం భాయ్ నాలుగు రకాలు వరసగా పేర్చి, పెళ్లి సంబంధాలు చెప్పినట్టు ఒక్కోదాని గుణగణాలు వివరించాడు. "మెహందీ మంచిదే గని, తెల్లెంటికెల మీద ఎర్రగయితది, దూరంకెల్లి గుర్తు వడతరు. క్రీముది నిమ్మలంగ వెట్టుకోవాలె. షాంపూది పది నిమిషాల పని. పొడిది మాత్రం పక్కా నలుపు బేటీ, కాకి లెక్క." నేను కాకినే ఎంచుకున్నాను. పొట్లం చేతిలో పెడుతూ, "ముందుగాల చెవెన్క జెర్రంత రాసి రెండు దినాలు చూడు. ఇది అందరికి పడది," అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాటే అమ్మతో చెప్పాను. చుడుతున్న బీడీ చుడుతూనే ఉంది అమ్మ.

"నీ చెవి ఎర్రగయితే సోమారం నాడు సార్లు ఏమనుకుంటరే? నా చేతికి రాయి."

"నీ చేతికెందుకమ్మా? పెట్టుకునేది నేను గదా."

"నా కడుపుల వుట్టినదానివే గాదా? నాకు వడ్తె నీకు వడతది."

ఇక్కడ నా చదువు నన్ను కాపాడాలి. కానీ అనువంశికత పాఠానికి పరీక్షలో పదికి తొమ్మిది తెచ్చుకున్న నాకు, అమ్మ మాట పూర్తిగా శాస్త్రీయంగా వినిపించింది! రంగు కలిపి అమ్మ కుడి అరచేతిలో, బొటనవేలి కింద, రూపాయి బిళ్లంత రాశాను. ఆ చేత్తోనే అమ్మ రెండు రోజులు తునికాకు కత్తిరించింది, తంబాకు కూరింది, గిన్నెలు తోమింది. శనివారం సాయంత్రం అరచేయి నా ముఖం ముందు చాచి, "సూడు, సక్కగుంది. నీకేం గాదు," అని తీర్పు చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం పాత టూత్‌బ్రష్‌తో తనే నా తలకు రంగు పట్టించింది. ఆ సాయంత్రం అద్దంలో నా అందం చూసి నాకే దిష్టి తగులుతుందేమో అనిపించింది.

సోమవారం బడిలో అడుగుపెట్టేసరికి ఒక కన్ను సగం, ఇంకో కన్ను పావు తెరుచుకుంటోంది. పెద్దసారు లేచి ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా. అమ్మాయి రాలేదా?"

"నేనే సార్ అమ్మాయిని."

ఆయన దరఖాస్తు మీది ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. దేవుడు నా మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టినట్టున్నాడు, చెప్పాల్సిన పాఠం చర్మం గురించి. బోర్డు మీద ఆ మాట రాసి వెనక్కి తిరగగానే ముందు బెంచీ పిల్ల లేచింది. "టీచర్, మీకు తేనెటీగలు కుట్టినయా?"

పుస్తకం మూసేశాను. "తేనెటీగలు కాదు, రంగు. చర్మం మన ఒంటికి కావలి మనిషిలాంటిది. పడనిది లోపలికొస్తే ఎర్రబడి, ఉబ్బి, కేకలు పెడుతుంది. నా కావలి మనిషి పొద్దుటి నుంచి అరుస్తూనే ఉన్నాడు," అన్నాను. క్లాసు పకపకా నవ్వింది. ఆ తర్వాత ఒకటే ప్రశ్నలు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. తలుపు దగ్గర నిలబడి విన్న పెద్దసారు, "ఉద్యోగం మీదేనమ్మా. కాకపోతే ముఖం వాపు తగ్గినంక రాండ్రి. ఐడీ కార్డుకు ఫొటో తియ్యాలె," అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాను. "ముందుగాల రాసి చూసుకున్నవా?" అని అడిగాడాయన. "చూసినం సార్." "ఎక్కడ?" "మా అమ్మ చేతికి." డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి గోలీలు గుడ మీ అమ్మనే మింగుతదా?"

ఇంటికెళ్లి ఉద్యోగం వచ్చిన సంగతి చెప్పేలోపే అమ్మ నా ముఖం చూసింది. తర్వాత తన అరచేయి చూసుకుంది. గోరుతో ఆ మచ్చను గీకి, "నాకైతె మంట గుడ తెల్వలేదు బిడ్డా. గిది చెయ్యేనా? బీడీలు చుట్టి చుట్టి చెప్పుల అట్ట లెక్క అయింది," అని నవ్వింది. నేనూ నవ్వాను. నిజానికి నా ముఖానికి నవ్వే వీలు లేదు.

ఇప్పుడు కామారెడ్డిలోనే ఉంటున్నాం. ఎనిమిదేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు. కొత్త సబ్బు కొంటే డబ్బా మీది అక్షరాలన్నీ చదివితే గానీ పిల్లల ఒంటికి తగలనివ్వను, దోమ కుడితే ఆ మచ్చను పూటకోసారి కొలుస్తాను. అలాంటి నాకు నిన్న సాయంత్రం కూతురు ఒక తెల్ల వెంట్రుక పట్టుకొచ్చి చూపించింది. తన తలలోదే. "నాకు గుడ రంగు వెయ్యి" అని ఒకటే ఏడుపు. చిన్నపిల్లలకు వేయకూడదని చెప్పి, ఈ కథంతా వినిపించి నవ్వించి పడుకోబెట్టాను. నేను మాత్రం పడుకోకుండా కూర్చుని మీకోసం రాయడం మొదలుపెట్టాను. అమ్మ తెలివిని, నా డిగ్రీని తలచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా. ఎంత అమాయకులం!

ఈ ఉదయం జడ వేస్తుంటే కూతురు అద్దంలోంచి అడిగింది. "మమ్మీ, నేను పెద్దగైనంక ఏ రంగు నాకు పడతదో ఎట్ల తెలుస్తది?" పక్కనే షూ వేసుకుంటున్న తమ్ముడు కూడా తలెత్తాడు. సరైన జవాబు నాకంటే బాగా తెలిసిన వాళ్లు ఈ జిల్లాలో ఉండరు. అదే చెబుదామని నోరు తెరిచాను.

"దానికి ఇంక చానా టైముంది బిడ్డా," అన్నాను ఇద్దరితో, "అప్పుడు ముందుగాల నా చేతికి రాసి చూస్త."